అడుగుట, అడుక్కొనుట

ఇరువది సంవత్సరములుగా నేను బడిలో ఆంగ్లము చెప్పుచున్నాను. ఇన్నేండ్లును పదవ తరగతివారిచేత ఒకే మాదిరి దరఖాస్తు వ్రాయించితిని. "ఐ బెగ్ టు స్టేట్" అని ఆరంభము. "యువర్ మోస్ట్ ఒబీడియంట్ సర్వెంట్" అని ముగింపు. ఆ మాటల యర్థము నేను చెప్పలేదు, వారడుగనూ లేదు.

గడచిన వానకాలమున ఒక బాలిక యడిగినది. ఆమె తండ్రి పాలమూరు పల్లె విడిచి ముంబయికి కూలికి పోయినవాడు. తల్లికి పొలము కాగితముల నకలు కావలసియుండెను. ఆంగ్లమున వ్రాసియిచ్చినచో పని త్వరగా నగునని యెవరో చెప్పిరట. బాలిక నా మాదిరినే వ్రాసి తెచ్చి, "సార్, బెగ్ అంటే అడుక్కొనుడు గదా? మా అమ్మ అడుక్కుంటలేదు. మా కాగితం మాకియ్యుమంటున్నది" అనెను. నాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు.

ఈ సీమలో అది చిన్న ప్రశ్న కాదు. "నీ బాంచను దొరా, కాల్మొక్త" యనునది నల్లగొండ, పాలమూరు పల్లెలలో మన తాతల నాటి మాట. వెట్టిచేయువాడు తనకు రావలసినది యడుగుటకు గూడ ఆ మాటతోనే నోరు తెఱవవలసి యుండెను. 1948లో నిజాము ప్రభుత్వము పోయినది. 1976లో వెట్టి కార్మిక వ్యవస్థను రద్దుచేయు చట్టము వచ్చినది. ఆ మాటను విదల్చుకొన్నవారి మనుమలకు, నేను దానికే ఆంగ్లవేషము వేసి నేర్పుచుంటినా?

నిజమునకు అవి ఆంగ్లేయులు తమలో తాము వాడుకొన్న లాంఛనములు. పై యధికారి క్రిందివానికి వ్రాయునపుడు గూడ "మీ విధేయ సేవకుడ"నియే సంతకము చేసెడివాడు. వారికది యలంకారము, దొరల గడులు చూచిన మన జనులకది యథార్థము. వారి దేశమున ఆ వాడుక మిక్కిలి సన్నగిల్లినది. మన దరఖాస్తులలో మాత్రము నిలిచియున్నది.

అట్లని వినయమక్కఱలేదా? తప్పక కావలెను. అది ఆంగ్లమున నెక్కడ నున్నదో చూతము. తెలుగున మర్యాద క్రియ చివరనుండును. "జర నీళ్ళియ్యుండ్రి" యన్నచో గౌరవము "ఉండ్రి"లోను, మెత్తదనము "జర"లోను ఉన్నవి. ఆంగ్లక్రియకట్టి ప్రత్యయము లేదు. అందుచే మన పిల్లలు "గివ్ మీ వాటర్" అన్నపుడు వారి మనస్సులోని గౌరవము దారిలోనే జారిపోవును. "ప్లీజ్" చేర్చినను అది నునుపుచేసిన యాజ్ఞయే. "కుడ్ యు", "వుడ్ యు" అని ప్రశ్నగా మార్చినపుడు ఎదుటివానికి కాదనుటకు చోటు దొరకును. అచ్చట భూతకాలరూపము కాలము చెప్పుటకు గాదు. ఒక యడుగు వెనుకకు నిలుచుటకు.

పాణిని లిఙ్లకారమునకు చెప్పిన యర్థములలో నిమంత్రణము, ఆమంత్రణము అని రెండు కలవు. కాదనరాని పిలుపు నిమంత్రణము; వచ్చుటయు మానుటయు ఎదుటివాని యిచ్ఛకు వదలినది ఆమంత్రణము అని వ్యాఖ్యాతలు వివరించిరి. ఆంగ్లపు "కుడ్ యు" ఆమంత్రణ జాతిది. మిత్రుని పుస్తకమడుగుటకు, పొరుగువాని సాయము కోరుటకు అదియే తగును.

హక్కును కోరుట వేఱు. 2005 నాటి సమాచార హక్కు చట్టమును చూడుడు. అడుగువాడు కారణము చెప్పనక్కఱలేదు; ఆ ప్రాంతపు అధికారభాషలోనే వ్రాయవచ్చును; సాధారణముగా 30 దినములలో సమాధానము రావలెను. ఇట్టి చోట మర్యాద నిలువవలెను, మోకాళ్ళు వంగరాదు.

ఆనాడు మేమిరువురము దరఖాస్తును తిరుగ వ్రాసితిమి. "ఐ రిక్వెస్ట్ యు" అని యొక వాక్యము. "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" అని ముగింపు. దానితో పాటు తెలుగు ప్రతి. బాలిక చదివి వినిపింపగా తల్లి, "గింతేనా సారూ? ఇంత తక్కువ మొక్కితే పని అయితదా?" అని భయపడెను. కాదని గట్టిగా చెప్పుటకు నాకు ధైర్యము చాలలేదు. మూడు మార్లు తిరిగిన పిమ్మట నకలు చేతికి వచ్చినది. మొక్కిన దరఖాస్తులకును అన్నిమార్లు తిరిగినవారిని నేనెఱుగుదును.

పాత మాదిరిని నా నోట్సునుండి కొట్టివేసితిని. కాని ఆ తల్లి భయము కొట్టివేతతో పోవునది కాదు. అధికారికి వినయముగా వ్రాయుట ఎవరైనను నేర్తురు. మన యింట అంట్లు తోమునామెను "జర నీళ్ళియ్యమ్మా" యని యడుగుచున్నామా, "నీళ్ళు తే" యనుచున్నామా? పిల్లలు మర్యాదను నేర్చుకొనునది అచ్చటనే.