పేరు లేని జవాబు

కాకినాడలో ఎం.టెక్. ముగించిన ఆ యువతికి అమెరికా నుండి రెండు ఆహ్వానాలు వచ్చాయి. రెండూ మెకానికల్ ఇంజనీరింగ్‌లో పిహెచ్.డి. కోసమే. ఒకటి, పేరు వినగానే బంధువులు తల పంకించే విశ్వవిద్యాలయం. సీటు ఇచ్చింది, పైకం ఇవ్వలేదు. మొదటి సంవత్సరం తరువాత సహాయం ‘లభించవచ్చు’ అన్నది. రెండవది ఇక్కడ ఎవరూ ఎరుగని ఊరు. ఫీజు మాఫీ, నెలనెలా భృతి. బదులుగా వారానికి 20 గంటలు ఒక ఆచార్యుని పరిశోధనలో పనిచేయాలి.

తండ్రి పొలం దస్తావేజులు బయటికి తీశాడు. వీసా అడగకముందే తొలి ఏటి ఖర్చుకు సరిపడు ధనం చూపవలసి ఉంటుంది మరి. అప్పుచేసి ఎం.ఎస్. చదివినవారు రెండేళ్లలో ఉద్యోగం వెదుక్కుంటారు. డాక్టరేటు ఐదారేళ్ల వ్యవహారం. వడ్డీ అన్నేళ్లూ ఊరకుండదు.

అయినా ఆమె సంకోచం డబ్బు గురించి కాదు. ఆమె మనసు టర్బైన్ల మీద ఉంది. భృతి ఇచ్చే ఆచార్యుని ప్రాజెక్టు బ్యాటరీలను చల్లబరచడం గురించి. గ్రాంటు ఎవరిదో ప్రశ్న కూడా వారిదే. చివరకు ‘లభించవచ్చు’ అన్నవారికే ఆమె ఉత్తరం రాసింది: రెండవ ఏట నన్ను తమ బృందంలో చేర్చుకునే ఆచార్యులు ఎవరు? మర్యాదగా జవాబు వచ్చింది. అందులో పేరు మాత్రం లేదు.

ఆర్థిక సహాయంతో కూడిన ఆహ్వానానికి ఏప్రిల్ 15కు ముందే జవాబు చెప్పి తీరాలని కోరరాదని అక్కడి అనేక విశ్వవిద్యాలయాల మధ్య ఒడంబడిక ఉంది. 14వ తేదీ రాత్రి ఆమె బ్యాటరీలకు సమ్మతి తెలిపింది. తండ్రి దస్తావేజులను తిరిగి పెట్టెలో పెట్టాడు.

ఆ వేసవిలో ఒక పెళ్లిలో పెదనాన్నగారు విశ్వవిద్యాలయం పేరు రెండుసార్లు అడిగారు. ఆమె రెండుసార్లూ చెప్పింది.