పోచంపల్లి దారిలో పి.టి. రెడ్డి

విజయవాడ హైవే మీద అబ్దుల్లాపూర్‌మెట్ దాటి కొంత దూరం పోయాక బండి ఎడమకు మళ్లింది. లారీల రొద వెనకబడింది. రెండు పక్కలా బండలు, తాళ్లు, వాటి మధ్య కొత్తగా పాతిన ప్లాట్ల హద్దురాళ్లు. ఈ దారిన పోయేవాళ్లు ఎక్కువమంది చీరల కోసం పోతారు, కొందరు వినోబా మందిరం చూడటానికి. నేను మాత్రం పి.టి. రెడ్డి బొమ్మల గురించి ఎంతకీ తెగని సందేహమొకటి పట్టుకుని బయలుదేరాను. రంగులో చేతులు ముంచి బతికేవాళ్లు దానికేమంటారో విందామని.

పాకాల తిరుమల రెడ్డి 1915లో కరీంనగర్ జిల్లా అన్నవరంలో పుట్టాడు. హైదరాబాద్ కొత్వాలు రాజా బహదూర్ వెంకటరామారెడ్డి చేయూతతో బొంబాయి జె.జె. స్కూల్లో చేరి, 1939లో డిప్లొమా అందుకున్నాడు. మంచి సమయంలో వెళ్లాడనే చెప్పాలి. స్కూలు డైరెక్టర్ చార్లెస్ జెరార్డ్ పిల్లల్ని ఉన్నదున్నట్టు దింపే చదువులోంచి బయటికి లాగుతున్నాడు. నాజీల బెడదకు ఆస్ట్రియా వదిలి వచ్చిన వాల్టర్ లాంగ్‌హామర్ ఎక్స్‌ప్రెషనిస్టు రంగుల్ని బొంబాయికి మోసుకొచ్చాడు. 1941లో రెడ్డి, మజీద్, భోప్లే, బాప్టిస్టా, కులకర్ణి జట్టు కట్టారు. వాళ్లకు ‘యంగ్ టర్క్స్’ అని పేరు పడింది. సూజా, రజా, హుసేన్‌ల ప్రోగ్రెసివ్ గ్రూపు పుట్టింది 1947లో. అయినా మన ఆధునిక చిత్రకళ కథ చెప్పేవాళ్లు చాలామంది అక్కడే మొదలుపెడతారు. తెలంగాణ పల్లె నుంచి వెళ్లినవాడు ఆరేళ్ల ముందే ఆ గడప దాటాడని గుర్తుచేస్తే, ‘అవునా’ అని ఊరుకుంటారు.

నా సందేహం అది కాదు. వయసులో ఉన్న రెడ్డి గీత మొరటుది. ఒంటిని సాగదీస్తాడు, రంగును చిక్కగా పట్టిస్తాడు, ముద్దుగా ఉండాలన్న బెంగ కనబడదు. 1970ల నాటి రెడ్డి త్రికోణాలు, వృత్తాలు, పద్మాలు పేర్చిన తాంత్రిక చిత్రకారుడు. ఇద్దరూ ఒకరేనా? తాంత్రికం అప్పట్లో గ్యాలరీల మోజు, ఆయనా అటు మళ్లాడు అనేవాళ్లున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదనే నేనూ అనుకుంటూ వచ్చాను. నాకిష్టమైనవి మొదటి బొమ్మలే.

పోచంపల్లికి చిటికి పని 1915 ప్రాంతంలో చీరాల వైపు నుంచి వచ్చిందంటారు. అంటే ఈ విద్యకూ రెడ్డికీ ఇంచుమించు ఒకే ఈడు. అరుగు మీద కూచున్న పెద్దమ్మ ఒకామె చెక్క చట్రానికి బిగించిన నూలు మీద గుర్తులు చూసుకుంటూ సైకిల్ ట్యూబు కోసిన సన్నటి రబ్బరు ముక్కల్ని చుట్టి లాగి ముడేస్తోంది. కట్టినచోట రంగు పట్టదు. ముంచాక కొన్ని ముడులు విప్పి, ఇంకొన్ని కట్టి మళ్లీ ముంచాలి. బట్ట ఇంకా పుట్టనే లేదు, పువ్వు ఎక్కడ రావాలో నూలులోనే తేలిపోయింది. పేక నూలైతే దీనికి ముందు ఆసు పోయాలి, మేకుల చుట్టూ పోగును వేలసార్లు తిప్పాలి. చింతకింది మల్లేశం యంత్రం కనిపెట్టేదాకా ఆ తిప్పుడంతా ఆడవాళ్ల భుజాల మీదే నడిచింది.

మాటల్లో పడి ఫోన్‌లో ఒక బొమ్మ చూపించాను. జర్మనీలో 1905లో ‘బ్రూకె’ జట్టు పెట్టినవాళ్లలో ఒకడైన కిర్ష్‌నర్ 1910లో వేసిన ఫ్రాంజీ అనే పిల్ల బొమ్మ. ముఖం ఆకుపచ్చ. వెనక ఆడమనిషి ఆకారంలో చెక్కిన కుర్చీకేమో మనిషి ఒంటి రంగు.

“రంగు దిగిందా, కావాల్నని ఏసిండా?” అంది పెద్దమ్మ.

“కావాలనే.”

“మరి పొల్లను పచ్చగ చేసి కుర్చీకి పానం పోసిండేంది?” అని ఫోన్ దగ్గరికి లాక్కుంది. కాసేపు చూసి, “ఆ పొల్లకు జెరమొచ్చినట్టుంది బిడ్డా,” అంది.

ఎక్స్‌ప్రెషనిజం మీద నేను చదివిన వ్యాసాల్లో ఇంత సూటి మాట తగల్లేదు.

లోపల గుంట మగ్గం మీద ఆమె కొడుకు నేస్తున్నాడు. నాడె ఇటూ అటూ పోతుంటే నల్లటి నేలలో ఎర్రటి డైమండు ఒక్కో పోగూ పేరుస్తూ పైకి వస్తోంది. వంగి చూశాను. ఆకారం లెక్క ప్రకారం వేసిందే, గ్రాఫు కాగితం గోడకే ఉంది. కానీ అంచు మాత్రం గీత గీసినట్టు లేదు. ముడి కిందికి కాస్త రంగు పాకి, పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరిగి, అంచంతా అదురుతున్నట్టుంది. అచ్చు గుడ్డ మీద ఇదే డైమండు కత్తితో కోసినట్టుంటుంది, అందుకే చప్పగా ఉంటుంది. అంచు ఎంత అదరాలో ఈయనకు తెలుసు. ఎక్కువైతే పోగు సవరిస్తున్నాడు, కొంచెమైతే వదిలేస్తున్నాడు.

రెడ్డి తాంత్రిక చిత్రాల్ని నేను సరిగా చూడలేదేమో అనిపించింది అప్పుడే. త్రికోణం కనబడగానే చల్లబడ్డాడనుకున్నాను. కోపం, కోరిక, భయం ఉండాలంటే ముఖం వంకర పోవాల్సిందేనని కిర్ష్‌నర్ దగ్గర నేర్చుకున్న పాఠం నాది. ఈ మగ్గం మీద లెక్కా అదురూ ఒకే పోగులో ఉన్నాయి. జర్మన్లకు అవి పడవేమో గానీ, ఇక్కడ వాటికి పేచీ లేదు. గ్యాలరీల మోజు ఆయన్ను అటు తోసి ఉండవచ్చు, కానీ పరాయిచోటికైతే తోయలేదు.

ఊళ్లోకి వెళ్లి వినోబా మందిరం చూశాను. 1951 ఏప్రిల్ 18న ఇక్కడి దళిత కుటుంబాలు వినోబాను 80 ఎకరాలడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిస్తానన్నాడు, భూదానం అక్కడ మొదలైంది. తెలంగాణ అలా రగులుతున్న కాలంలో మన చిత్రకారుడు క్విట్ ఇండియా ఉద్యమం, లాహోరు మకాం, పెళ్లి అన్నీ దాటి, హైదరాబాద్‌లో బతుకుతెరువుకు ఫర్నిచర్ వ్యాపారం చూసుకుంటున్నాడు. కుంచె మళ్లీ గట్టిగా పట్టుకునేసరికి ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్ల బొమ్మలు మనకు లేకుండా పోయాయని నా బాధ. కొయ్యపని ఆయన చేతికి ఏమిచ్చిందో తరవాతి చెక్కడాల్లో వెతుక్కోవాలి.

తిరుగు బండికి టైముండి మళ్లీ ఆ అరుగు మీదికే చేరాను. పెద్దమ్మ ముడులు విప్పుతోంది. ఈసారి రెడ్డి కథ చెప్పాను, బొంబాయి నుంచి నారాయణగూడలోని ‘సుధర్మ’ ఇంటిదాకా, 1996లో పోయేదాకా. అంతా విని, “అమ్ముడువోయినయా బొమ్మలు?” అనడిగింది.

“అన్నీ పోలేదు. ఇల్లంతా బొమ్మలే.”

“మరి ఇల్లెట్ల గడిచింది?”

“ఆయన భార్య యశోదారెడ్డి. పాలమూరు బిజినేపల్లి ఆడబిడ్డ. యూనివర్సిటీలో పాఠాలు చెప్పేది. మన భాషలో కథలు రాసింది, ‘మా ఊరి ముచ్చట్లు’ అని.”

పెద్దమ్మ రబ్బరు ముక్కల్ని దోసిట్లోకి ఎత్తి డబ్బాలో పడేసింది.

“గట్ల చెప్పు మరి. ఆమెకు జీతం పడ్తుండె. ఇగ ఈయన మొఖాలకు ఏ రంగేస్తే ఏంది!” అని లోపలున్న కొడుకుకు వినబడేలా నవ్వింది.