పనీ - పాటా

"పనిపాటలు" అని మన పెద్దలు రెండింటినీ జంటచేసి పలకటం ఊరకనే కాదు. ఊడ్పులకు, దంపులకు, తిరగలికి, ఏతానికి దేని పాట దానికి ఉన్నది. పాట బరువును తగ్గించదు గాని, బరువు తెలియనివ్వదు.

తరాల క్రిందట షోలాపురం చేరిన మన నేతవారు మగ్గంతోపాటు ఈ అలవాటును కూడా తెచ్చుకున్నారు. చేతిమగ్గం చప్పుడే పాటకు తాళం. నాడె వేగం నేతగాని చేతిలోనిది గనుక పాటా పనీ కలిసి నడిచేవి. ఇళ్లలో బీడీలు చుట్టే మన ఆడవారికి నేటికీ అంతే. చాట ఒడిలో పెట్టుకుని ఆకు కత్తిరించటం, పొగాకు నింపి చుట్టటం, దారం కట్టటం. కూలి వెయ్యి బీడీల లెక్కన. వేళ్లకు తీరికలేదు, మనసుకు పనిలేదు. అటువంటి చోట పాటను మించిన మందు లేదు. 1957 అక్టోబరు 3న మొదలైన వివిధ భారతి ఇటువంటి ఇళ్లకు ఎంత తోడయినదో మనకు తెలియనిది కాదు.

అయితే మందుకు మోతాదు ఉన్నది. యుద్ధకాలంలో, 1940 జూన్‌లో, బి.బి.సి. వారు ఫ్యాక్టరీ పనివారికోసం సంగీతం ప్రసారం చేయసాగారు. రోజంతా కాదు, పూటకు ఒక అరగంట మాత్రమే. వింటూ చేతిపని వదలి చప్పట్లు కొట్టించే పాటను పనివేళల్లో వేయనిచ్చేవారు కారు.

ఇక మరమగ్గాల సంగతి. మనవారు సాంచలనే ఈ యంత్రాల నడుమ నిలబడితే ప్రక్కవాని మాట వినిపించదు. అక్కడ మన కుర్రవాళ్లు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆ రొదను మించేటట్లు పాట పెంచుతున్నారు. అలసట మరపుకు వస్తున్నదని వారి నమ్మకం. 85 డెసిబెళ్ల ధ్వనిని ఎనిమిది గంటలకు మించి వినరాదని, ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ గడువు సగమవుతుందని శాస్త్రజ్ఞుల లెక్క. అంటే 94 వద్ద ఒక్క గంటే! రొదమీద పాట పోస్తే అది రెండవ రొద. అలా పోయిన వినికిడి తిరిగి రాదు.

కనుక సాంచల వద్ద చెవికి రక్షణ ముందు, పాట తరువాత. విరామవేళ షెడ్డు వెలుపల, చెట్టుక్రింద, నలుగురూ కూర్చుని పావుగంట వినండి. వీలైతే మీరే పాడండి. పద్దులు వ్రాసేవారికీ అదే మా సలహా: అంకెలమధ్య పాట మాటలు చొరబడితే లెక్క తప్పుతుంది.

పిల్లల సంపాదన ఎంత అని అడిగే తలిదండ్రులు, వారి చెవులు ఎట్లున్నవని కూడా అడగవలె. రేపు వారి పిల్లలు పాడే పాట వారికి వినబడవద్దా?