రోజా అని చెప్పిన అబద్ధం

విజయనగరంలో ఉర్దూ మీడియం బళ్లో చదివేటప్పుడు మధ్యాహ్నం గంట కొడితే నాకు భయం. బ్యాగులో టిఫిన్ డబ్బా ఉండేది కాదు. "ఖానా లాయా?" అని దోస్తులు అడిగితే "రోజా హై" అనేవాణ్ని. రంజాన్ కాని నెలల్లో కూడా! భూఖ్ కంటే ఇజ్జత్ పెద్దది మరి.

సుప్రీంకోర్టు 2001 నవంబరులో హుకుం ఇస్తే, మన రాష్ట్రంలో బడిలో వండి పెట్టడం 2003 జనవరిలో మొదలైంది. మొన్నటిదాకా కొన్నేళ్లు పదో తరగతి దాటితే ఆ కంచం లేదు. ఇంటర్ పిల్లలకి ఆకలి ఉండదా? 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ డొక్కా సీతమ్మ పేరుతో భోజనం పెట్టారు. జూన్‌లో సన్నబియ్యం వచ్చింది. షుకర్.

ఈమధ్య వార్త కోసం ఓ కాలేజీకి వెళ్లాను. వంటమనిషి "ఏటి బాబూ, ఇంకొంచెం వెయ్యనా?" అంటే, ఓ కుర్రాడు సిగ్గుపడకుండా కంచం చాపాడు. నా కళ్లు తడిశాయి. వాడికి అది ఖైరాత్ కాదు, హక్.

"మరి నీకెంత ఇస్తారమ్మా?" అన్నాను.

"నెలకి మూడు వేలు బాబూ."

ఇందరి దస్తర్‌ఖాన్ పరిచే ఆమె, ఇంటికెళ్లి తన పిల్లలకి ఏ అబద్ధం చెబుతుందో!