గాజుతో గీసిన సోయజ్

1984 ఏప్రిల్ 3 సాయంత్రం భారత వ్యోమగామి రాకేశ్ శర్మ బైకనూరు నుంచి సోయజ్ టి-11 నౌకలో అంతరిక్షానికి వెళ్లారు. వెంట మాలిషెవ్, స్త్రెకలోవ్ అనే ఇద్దరు సోవియట్ వ్యోమగాములు. బద్వేలులో మేం ఆ సంగతి రేడియోలోనే విన్నాం. నేనప్పుడు ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ని. ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. మర్నాడు పొద్దున్నే ఆయన పేరు చెప్పి, మన హైదరాబాదులో చదువుకున్న మనిషేనని కూడా చెప్పాను. పిల్లలు పేరును రాగం తీసి అప్పజెప్పారు. వెనక నుంచి ఒక పిల్లోడు లేచి, "దాంట్లో యాడ కూచుంటారు సార్?" అన్నాడు.

ఆ పిల్లోడు అడగకపోతే పాఠం పేరుతోనే ఆగిపోయేది.

మా ఇంట్లో 'సోవియట్ భూమి' పాత సంచికలుండేవి. నున్నటి కాగితం గనక ఊరంతా పుస్తకాల అట్టలకు వాడుకునేవాళ్లు. వాటిని, పాత శుభలేఖలను, సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితాన్ని బడికి తీసుకుపోయాను. జిగురుకు తుమ్మబంక ఉండనే ఉంది, మా సీమలో దానికి కరువా! వృత్తలేఖిని అంత చిన్న చేతులకివ్వడం నాకిష్టం లేదు. ఆడపిల్లలు గాజులు తీసిచ్చారు. గాజు చుట్టూ పెన్సిలు తిప్పితే సున్నా వచ్చింది.

సోయజ్‌లో మూడు భాగాలుంటాయి. ముందుది దాదాపు గుండ్రం, నడిమిది గుడిగంట ఆకారం, వెనకది పొడుగాటి గొట్టం. కాగితం మీద గొట్టాన్ని దీర్ఘచతురస్రంగా కత్తిరించాం. ఇరువైపులా సన్నటి పట్టీలకు వెండి కాగితం అతికించాం, ఎండను కరెంటుగా మార్చే పలకలు అవి.

ఆకారం పేరు చెప్పి వదిలేస్తే పిల్లలకు మిగిలేది ఏమీ లేదని నా నమ్మకం. అది ఎందుకట్లుందో చెప్పాలి. బుగ్గ ఊది చూపించాను. లోపలి గాలి అన్ని వైపులకూ సమానంగా తోస్తుంది, బయట గాలే లేని చోట గుండ్రటి గది ఆ తోపుడుకు బాగా ఓర్చుకుంటుంది. గొట్టంలో ఇంజనూ ఇంధనమూ ఉంటాయి. గంటలో మనుషులు కూచుంటారు. దిగేటప్పుడు దాని వెడల్పాటి అడుగు గాలికి ఎదురొడ్డి వేగాన్ని తగ్గిస్తుంది, అడుగునున్న కవచం మంటను ఆపుతుంది. మైసూరులోని రక్షణశాఖ ప్రయోగశాల ఆయనకోసం మన తిండి తయారుచేసి పంపిందని చెప్పగానే అందరూ గుండ్రటి గదిలో మామిడిపండు బొమ్మ గీసేశారు. నేను వద్దనలేదు.

ఆ తర్వాతి రోజుల్లో ఆయన అంతరిక్షంలో చేసిన యోగాసనాల ముచ్చటా, పైనుంచి మన దేశాన్ని ఫొటోలు తీసిన ముచ్చటా చెప్పుకున్నాం. ఆయన ఉన్న సల్యూట్-7 అంతరిక్ష కేంద్రం బొమ్మను నల్లబల్ల మీద గీసి సరిపెట్టాను.

ఏప్రిల్ 11న ఆయన కజకిస్తాన్ నేల మీద దిగారు. మర్నాడు ఆ బొమ్మలను మళ్లీ బయటికి తీయించాను. ముగ్గురితో నేలకు చేరేది గంట ఒక్కటే, గుండ్రటి గదీ గొట్టమూ విడిపోయి గాలిలో కాలిపోతాయి, కాబట్టి వాటిని చించేయాలని చెప్పాను. గది నిశ్శబ్దమైపోయింది. కొందరు మెల్లగా చించారు. ఒక పాప మాత్రం బొమ్మను గుండెలకు హత్తుకుని, "దాంట్లోనే గద సార్ మామిడిపండు తినింది, యాల కాల్చాల?" అని ఏడ్చింది.

ఆ పాపతో చించమనలేదు. గాలి లోపలికి దిగాలంటే బరువు తగ్గాలని, కవచం ఒక్క గంటకే ఉందని మళ్లీ చెప్పాను. చాలాసేపు ఆలోచించి, మామిడిపండు ఉన్నంత మేర కత్తిరించి గంటలో అతికించింది. తర్వాత మిగతాది తనే చించింది. అందరం గంటలకు దారాలు కట్టి, పైన పారాచూట్లుగా అర్ధవృత్తపు గొడుగులు అతికించాం. ఆకారాల పాఠం అంత లోతుగా దిగడం నా ఉద్యోగంలో మరెప్పుడూ చూడలేదు.

2025లో మరో భారత వ్యోమగామి శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చిన డ్రాగన్ నౌక ఆకారం వేరు, శంకువూ దాని కింద గొట్టమూ. అందులోనూ గొట్టాన్ని వదిలేసి శంకువే సముద్రంలో దిగింది. అంగన్‌వాడీ అమ్మలు ఈ రెంటినీ పక్కపక్కన చేయించవచ్చు, కాగితాలూ గాజులూ చాలు.

రాకేశ్ శర్మ తిరిగొచ్చింది తాను వెళ్లిన టి-11లో కాదు, అప్పటికే సల్యూట్-7 దగ్గరున్న టి-10లో. ఆ గంట ఆకారపు నౌక ఢిల్లీలో నెహ్రూ ప్లానెటేరియంలో ఉంది. ఢిల్లీకి పోతే మీ పిల్లలకు దాన్ని తప్పకుండా చూపించండి.