పంపు స్టవ్వులూ, పాత లాంతర్లూ, మా గరాజూ

మా గరాజులో కారు పెట్టి నాలుగేళ్ళయింది. ప్రస్తుతం అక్కడ కాపురముంటున్నవి పద్నాలుగు లాంతర్లు, తొమ్మిది స్టవ్వులు, ఒక డబ్బా నిండా వాషర్లు, ఇంకో డబ్బా నిండా "ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది" అనే జాతికి చెందిన మరలు. మా ఆవిడ దీన్ని పిచ్చి అంటుంది. నేను హాబీ అంటాను. ఏది నిజమో క్రెడిట్ కార్డు బిల్లు వచ్చిన రోజు తేలుతుందని తన వాదన.

మొదటిది ఒక గరాజ్ సేల్లో పది డాలర్లకి దొరికింది. ఎర్ర రంగు కోల్‌మన్ 200ఎ. అమెరికాలో క్యాంపింగ్ అలవాటున్న ఇళ్ళలో తాతల కాలం నుంచీ ఉండే లాంతరు ఇది. 1951లో మొదలుపెట్టి 1980ల దాకా చేశారు. అడుగు భాగం తిరగేసి చూస్తే ఏ యేడు తయారయిందో గుద్ది ఉంటుంది. నా దాని మీద 62 అని ఉంది. అంటే వయసులో నాకంటే పెద్దది. అందుకే మొదటి రోజు కొంచెం గౌరవంగానే విప్పాను.

ఈ కోల్‌మన్ గారి కథ మన సాఫ్ట్‌వేర్ జనాలు తప్పకుండా తెలుసుకోవాలి. ఆయనకి చూపు సరిగా ఆనేది కాదు. టైపురైటర్లు అమ్ముకుంటూ తిరుగుతున్న రోజుల్లో అలబామాలో ఒక మందుల షాపు కిటికీలో గ్యాసొలీన్ దీపం వెలుతురు చూసి, దానికింద సన్నటి అక్షరాలు కూడా చదవగలుగుతున్నానని మురిసిపోయాడు. 1900లో ఓక్లహోమాలోని కింగ్‌ఫిషర్ అనే ఊళ్ళో వాటిని అమ్మబోతే పెద్దగా ఎవరూ కొనలేదు. అంతకుముందు ఎవడో వచ్చి పనిచెయ్యని దీపాలు అంటగట్టి పోయాడట. అప్పుడాయన దీపాలు అమ్మడం మానేసి వెలుతురు అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. దీపం వెలక్కపోతే డబ్బులివ్వక్కర్లేదు! మనం ఇవాళ సర్వీస్ లెవెల్ అగ్రిమెంట్ అని నలభై పేజీలు రాసుకునేది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. 1902లో కాన్సస్‌లోని విచిటాకి మకాం మార్చాడు. కంపెనీ అక్కడే పెరిగి పెద్దదయింది.

ఇహ బాగుచెయ్యడం సంగతి. ఇది బ్రహ్మవిద్యేం కాదు. చెడిపోయిందని అమ్మేసిన లాంతర్లలో ఎక్కువ వాటికి ఉండే జబ్బులు మూడో నాలుగో. పంపులోని తోలు కప్పు ఎండిపోయి ముడుచుకుపోతుంది, ఎంత కొట్టినా గాలి ఎక్కదు. ఒక రాత్రి నూనెలో నానబెడితే మళ్ళీ లేస్తుంది. పంపు అడుగున ఉండే వాల్వులో చిన్న గోళీ బిగుసుకుపోతుంది. నూనె పోసే మూత వాషరు గట్టిపడి గాలి వదిలేస్తుంది. ఇంధనాన్ని ఆవిరి చేసే జెనరేటర్ గొట్టం లోపల మసి పేరుకుంటుంది. ఇవన్నీ చూసుకున్నాక ట్యాంకులోకి గాలి కొట్టి, బకెట్ నీళ్ళలో ముంచి, బుడగలు వస్తున్నాయేమో చూడాలి. సైకిల్ ట్యూబు పంక్చరు చూసినట్టే. ఈ పరీక్ష దాటనిది ఏదైనా సరే, నేను అగ్గిపుల్ల గీయను.

నాకు నచ్చేదేమిటంటే, అరవై యేళ్ళ నాటి లాంతరుకి ఇవాళ కొన్న వాషరు సరిపోతుంది. నేను మూడేళ్ళ కింద రాసిన ప్రోగ్రాము ఇవాళ కంపైల్ అవ్వదు, ఏదో లైబ్రరీ మారిపోయి ఉంటుంది. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటే ఏమిటో కొత్తగా చేరిన పిల్లలకి చెప్పాల్సి వస్తే ఈ లాంతరు చూపిస్తే చాలు.

వెలుతురిచ్చేది మాత్రం మంట కాదు, మాంటిల్. మన పెళ్ళిళ్ళలో, వీధి నాటకాల్లో పెట్రోమాక్స్ లైటు చూసినవాళ్ళకి ఆ తెల్లటి తిత్తి గుర్తుండే ఉంటుంది. ఆ పెట్రోమాక్స్ కూడా బెర్లిన్లో పుట్టిందే, మాక్స్ గ్రెట్జ్ అనే ఆయన పేరులోని మాక్సే అది. మాంటిల్‌ని కనిపెట్టింది ఆస్ట్రియాకి చెందిన ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్. 1885లో మొదటి పేటెంటు తీసుకున్నాడు. 1891 నాటికి అసలు పాళ్ళు కుదిరాయి: 99 శాతం థోరియం ఆక్సైడు, 1 శాతం సీరియం ఆక్సైడు. గుడ్డ కాలిపోయి బూడిద గూడు మిగులుతుంది, ఆ గూడే వేడికి తెల్లగా వెలుగుతుంది. ఆ థోరియం మోనజైట్ ఇసుకలోంచి వస్తుంది. 1909లో షాంబర్గ్ అనే జర్మన్ రసాయనవేత్త తిరువాన్కూరు నుంచి వచ్చిన కొబ్బరి పీచుకి అంటుకున్న ఇసుకలో దాన్ని గుర్తించాక, ప్రపంచంలో చాలా దీపాలు మన దేశపు సముద్రతీరం ఇసుకతో వెలిగాయి. మన భీమిలి తీరం ఇసుకలోనూ ఈ మోనజైట్ ఉంది. థోరియానికి రేడియో ధార్మికత ఉంది కాబట్టి ఇప్పుడు చాలా కంపెనీలు యిట్రియం వాడుతున్నాయి. పాత మాంటిల్ చేతికొస్తే ఆ బూడిద పీల్చకండి, ఊదకండి. ఇంకో మాట, ఈ లాంతర్లనీ స్టవ్వులనీ గుడారం లోపల వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు.

లాంతర్ల దగ్గర ఆగిపోయి ఉంటే ఇదంతా సరదాగానే ఉండేది. కానీ లాంతర్ల వెనకే స్టవ్వులొచ్చాయి.

క్యాంపింగ్ స్టవ్వులన్నిటికీ పెద్దమ్మ ప్రైమస్. 1892లో స్టాక్‌హోమ్‌లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన మసిలేని కిరసనాయిలు స్టవ్వు చేశాడు. ఒత్తి లేదు. ఇత్తడి ట్యాంకులోకి గాలి కొడితే నూనె పైకెక్కి, వేడెక్కిన బర్నరు గొట్టాల్లో ఆవిరై, నిప్పిల్ రంధ్రంలోంచి దూసుకొచ్చి నీలంగా మండుతుంది. 1911లో దక్షిణ ధ్రువం చేరిన అముండ్‌సెన్ దగ్గరా, 1953లో ఎవరెస్ట్ ఎక్కిన హిల్లరీ, టెన్సింగ్‌ల దగ్గరా ఉన్నది ప్రైమసే. దాని రూపమే మన వంటిళ్ళకి వచ్చి పంపు స్టవ్వు అయ్యింది. మూడు కాళ్ళు, ఇత్తడి పొట్ట, పక్కన పంపు, పైన భగ్గున మంట. మీలో నలభై దాటినవాళ్ళకి ఆ చప్పుడు ఇప్పుడే చెవిలో మోగి ఉంటుంది.

నేను ఒక ఫ్లీ మార్కెట్లో ప్రైమస్ నంబర్ 1 కొన్నాను. నల్లగా ఉన్నదాన్ని రెండు శనివారాలు తోమితే బంగారంలా మెరిసింది. అదే సమయానికి అమ్మ ఆర్నెల్లు ఉండడానికి వచ్చింది. గరాజులోకి వచ్చి చూసి, మురిసిపోతుందనుకుంటే, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏరా, ఇది మన స్టవ్వేగా! దీన్ని వదిలించుకోడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది. నువ్వు డబ్బులిచ్చి కొనుక్కున్నావా?"

వెలిగించి చూపించాను. అమ్మ దగ్గరికి రాలేదు. అక్కణ్ణుంచే విని, "మంట ఒక పక్కకి పోతోంది, నిప్పిల్ అరిగిపోయింది, మార్చు" అంది. మార్చాను. మంట గుండ్రంగా నిలబడింది. నేను మొదట బర్నరంతా విప్పుదామనుకున్నాను. ఆవిడ లాగ్ ఫైలు కూడా తెరవకుండా చప్పుడు విని బగ్ చెప్పేసింది.

ఆ రాత్రి వంటింట్లో కూర్చుని చాలా చెప్పింది. తెల్లారగట్ల లేచి స్టవ్వు వేడి చెయ్యడం, స్పిరిట్ ఖర్చని కిరసనాయిలే పోసి వెలిగించుకోవడం, మధ్యలో రంధ్రం మూసుకుపోతే పిన్ను పెట్టి పొడవడం, అన్నంలో కూడా కిరసనాయిలు వాసన వస్తోందని నాన్న విసుక్కోవడం. గ్యాసు కోసం పేరు రాయించి ఏళ్ళ తరబడి ఎదురుచూడటం. తరవాత, మేం తెనాల్లో ఉన్నప్పుడు వెనకవీధిలో ఉండే ఒకమ్మాయి గురించి చెప్పింది. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు. పేపర్లో "స్టవ్ పేలి" అని నాలుగు లైన్లు వచ్చింది.

"నేను పరామర్శకి వెళ్ళాన్రా. ఆ స్టవ్వు అక్కడే ఉంది. ఒక్క సొట్ట లేదు. పన్నెండో రోజు దాటాక వాళ్ళత్తగారు దాని మీదే కాఫీ కాచింది."

ఈ స్టవ్వుల్ని విప్పి బిగించేవాడిగా ఆ మాట నన్ను వదల్లేదు. ఇంజినీరింగ్ లెక్కన ఆలోచించండి. పంపు స్టవ్వు ప్రమాదకరమైనదే, సందేహం లేదు. బర్నరు సరిగా వేడెక్కకముందే గాలి కొడితే నూనె ఆవిరవ్వకుండా ద్రవంగానే చిమ్మి మంట బుస్సున పైకి లేస్తుంది. వేడి స్టవ్వులో నూనె పోస్తే అంటుకుంటుంది. మూత దగ్గర లీకైతే అంటుకుంటుంది. నైలాన్ చీర కొంగు పడితే చాలు. ఇలా కాలిపోయినవాళ్ళు నిజంగా ఉన్నారు. కానీ "పేలడం" అంటే ట్యాంకు చిరగాలి. ఇత్తడి ట్యాంకు చిరిగితే అది మళ్ళీ కాఫీకి పనికిరాదు. సొట్ట లేని స్టవ్వు పేలలేదు. ఈ సంగతి తెలుసుకోడానికి ఫోరెన్సిక్ లాబ్ అక్కర్లేదు, వీధి చివర స్టవ్వులు రిపేరు చేసే సాయిబుని పిలిచి అడిగితే సరిపోయేది. ఎవరూ అడగలేదు. అత్తగారు వెలిగిస్తే బుద్ధిగా వెలిగే స్టవ్వు కోడలు వెలిగిస్తేనే ఎందుకు పేలుతుందని అప్పట్లో మహిళా సంఘాల వాళ్ళు వీధుల్లో నిలబడి అడిగారు. ఆ పోరాటాల ఒత్తిడితోనే 1983లో ఐపీసీలోకి 498ఎ, 1986లో 304బి వచ్చాయి. పెళ్ళయిన ఏడేళ్ళలోపు అనుమానాస్పదంగా చనిపోయి, దానికి ముందు కట్నం వేధింపులున్నట్టు తేలితే అది వరకట్న మరణమని రెండోది చెబుతుంది. 2024 జూలై 1 నుంచి అవే భారతీయ న్యాయ సంహితలో 85, 80 సెక్షన్లయ్యాయి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా ఊరి తెలుగు సంఘం వాళ్ళు సంక్రాంతికి "అమ్మమ్మగారి వంటిల్లు" అని ఒక మూల అలంకరించాలనుకున్నారు. తిరగలి, రోలు, కవ్వం అన్నీ సంపాదించారు. నా దగ్గర ఇత్తడి స్టవ్వుందని తెలిసి అడిగారు. పెట్రోమాక్స్ సంతోషంగా ఇచ్చాను. స్టవ్వు కూడా ఇస్తాను కానీ పక్కన ఒక చిన్న అట్ట పెడదామన్నాను. "ఇది మన అమ్మలు ఇరవై ముప్ఫై యేళ్ళు వండిన స్టవ్వు. దీని పేరు చెప్పి కొంతమంది అమ్మాయిల చావుల్ని ప్రమాదాలని రాశారు." అంతే, రెండు వాక్యాలు. పండగ పూట అలాంటివెందుకండీ, పిల్లలుంటారు, ఆ రోజులెంత బాగుండేవో చూపిద్దాం అన్నారు. వాళ్ళని తప్పుపట్టను, పండగ చెయ్యడం వాళ్ళ పని. నేను మాత్రం స్టవ్వు ఇవ్వలేదు. కొందరికి కోపం వచ్చింది, ఇంకా ఉంది కూడా.

నా అభిప్రాయం ఇది. పాత వస్తువుల మీద ప్రేమ మంచిదే, నాకంటే ఎక్కువ ఎవరికుంటుంది? కానీ ఆ రోజులు బాగుండేవని చెప్పేవాళ్ళలో ఎంతమంది పొద్దున్నే ఆ స్టవ్వు ముందు గొంతుక్కూర్చున్నారు? నాకు గుర్తున్నది చప్పుడూ, నీలం మంటా, పక్కన వేడి వేడి ఉప్మా. అమ్మకి గుర్తున్నది పిన్నూ, పొగా, భయం. ఒకే వస్తువు. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద గ్యాసు కనెక్షన్లిచ్చినప్పుడు, 2016లో ఉజ్వల వచ్చినప్పుడు అదంతా ఓట్ల కోసమని తీసిపారేసినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే అని నా అనుమానం. పథకాల్లో లోపాలు లేవనను. సిలిండరు ధర గురించి ఎంతైనా పోట్లాడొచ్చు. కానీ ఆ నీలం మంట విలువ వంటింట్లో నిలబడ్డవాళ్ళే చెప్పాలి.

అలా అని నేనీ హాబీ మానుకోలేదు. ఆ వస్తువు చేసిన నేరమేమీ లేదు. నిజానికి అది చాలా నిజాయితీ గల యంత్రం. గాలి మర తిప్పితే చాలు, ఒత్తిడి పోయి ఆరిపోతుంది. దాన్ని సరిగ్గా ఉంచుకోవడం, అది ఎలా పనిచేస్తుందో నలుగురికీ చెప్పడం కూడా ఒక రకంగా సాక్ష్యం కాపాడటమే అనిపిస్తోంది.

కాబట్టి ఒక విన్నపం. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు మీ ఇంటి అటక మీద పంపు స్టవ్వు కనబడితే, ఇత్తడి కిలో ఇంతని పాత సామాన్ల వాడికి వేసెయ్యకండి. అలాగని ఫోటో తీసి "స్వీట్ మెమరీస్" అని వెంటనే పెట్టెయ్యకండి కూడా. ముందు దాన్ని కిందకి దించి అమ్మ ముందు పెట్టి, కాసేపు పక్కన కూర్చోండి. ఏం చెబుతుందో వినండి. అడ్డు రాకండి.

మా ప్రైమస్ పంపు మళ్ళీ గాలి వదిలేస్తోంది. అమ్మకి ఫోన్ చేసి చప్పుడు వినిపించాలి.