టైమవుట్ తీసుకోవయ్యా మహానుభావా!

పోయిన వారం సీజన్ టికెట్ల రెన్యువల్ కాగితం వచ్చింది. పదమూడేళ్ళుగా వస్తోంది. ఎప్పుడూ వచ్చిన రోజే మా వారు సంతకం పెట్టి పంపేసేవారు. ఈసారి ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఏడు రోజులు వేలాడింది. పాలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడల్లా నేను దాన్ని చూడటం, అది నన్ను చూడటం.

మీలో చాలామందికి ఇదేం గోలో అర్థం కాదు. మొదట్లో నాకూ కాలేదు. 2012లో ఈ మిడ్‌వెస్ట్ చలి ఊరికి వచ్చినప్పుడు నాకు తెలిసిన హాకీ అంటే ధ్యాన్‌చంద్ హాకీయే. మా నాన్నగారు తెనాలిలో చదువుకునే రోజుల్లో కాలేజీ జట్టుకి ఆడారు. 2008లో మన జట్టు ఒలింపిక్స్‌కి అర్హత కూడా సంపాదించలేకపోయినప్పుడు ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "ఆటకేం కాదమ్మా, ఆడించేవాళ్ళకే వచ్చింది రోగం" అన్నారు. అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు అదే మాట నేను రోజూ అంటున్నాను.

ఇక్కడ ఆడేది ఐసు మీద. బంతి ఉండదు, పక్ అని 170 గ్రాముల రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఒక్కోవైపు గోలీతో కలిపి ఆరుగురు. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు. మా ఊళ్ళో సినిమా హాలు ఒక్కటి, ఇండియన్ కొట్టు కావాలంటే రెండు గంటల ప్రయాణం, అక్టోబరు చివరికే మంచు. శుక్రవారం, శనివారం సాయంత్రాలు ఊరంతా కాలేజీ స్టేడియంలోనే. ఒకే జట్టుతో వరసగా రెండు రోజులూ ఆడతారు. శుక్రవారం ఓడితే శనివారం పరువు నిలబెట్టుకోవచ్చన్నమాట. మా శుభకార్యాలు కూడా ఆ షెడ్యూలు చూసుకునే పెట్టుకునేవాళ్ళం. అతిశయోక్తి కాదండీ, వరలక్ష్మీ వ్రతం ఒక్కటే బతికిపోయింది, అది ఆగస్టులో వస్తుంది కనుక.

నాకు ఆట నేర్పింది మా వారు కాదు, పక్క సీటు పెద్దావిడ. ముప్పై ఏళ్ళ పైబడి అదే సీటు. చేతిలో ఊలు, సూదులు. అల్లిక మీంచి తల ఎత్తకుండానే "ఇది ఆఫ్‌సైడ్" అనేది, అయ్యుండేది కూడా. రెండు నిమిషాల పెనాల్టీకి ఒకడు బయట కూర్చుంటే అవతలివాళ్ళకి పవర్ ప్లే అని, ఐదుగురు నలుగురి మీద ఆడతారని, అప్పుడే జట్టు బుద్ధి, కోచ్ బుద్ధి రెండూ బయటపడతాయని చెప్పింది ఆవిడే. అవతలి గోలీకి గోల్ పడినప్పుడల్లా మన స్టూడెంట్లు ముక్తకంఠంతో "సీవ్, సీవ్" అని అరుస్తారు. అంటే జల్లెడ! గోల్ పడితే జల్లెడ అని వెక్కిరించే ఆట మీద నాకు ఆ రోజే ప్రేమ పుట్టింది. బయటి తిండి లోపలికి తేకూడదు కానీ నా కోటు లోపలి జేబులో చేగోడీలు ఎప్పుడూ ఉండేవి. ఆవిడకి వాము వేసినవి ఇష్టం.

మేము వచ్చిన కొత్తలో జట్టు బాగా ఆడేది. దేశంలో అరవై పైచిలుకు కాలేజీలు పై డివిజన్‌లో ఆడితే, అందులో 16 మాత్రమే జాతీయ టోర్నీకి వెళ్తాయి. మేము వెళ్ళాం. మేము అంటున్నాను చూశారా! అప్పుడు చిన్నోడికి ఐదేళ్ళు. వాడిని భుజాల మీద ఎక్కించుకుని మా వారు గెంతిన గెంతుకి కాలు బెణికి, నెల రోజులు ఆఫీసుకి కర్రతో వెళ్ళారు. ఎవరడిగినా "హాకీ ఆడాను" అనేవారు.

తర్వాత పాత కోచ్ రిటైరయ్యాడు, ఈయన వచ్చాడు. పేరు చెప్పను. కాలేజీ పేరు కూడా చెప్పను, ఈ ఊళ్ళోనే కాపురం చేయాలి కదా. మొదటి ఏడాది పాత కోచ్ తెచ్చిన పిల్లలతో బాగానే నెగ్గుకొచ్చాడు. వెంటనే కాలేజీ వాళ్ళు మురిసిపోయి కాంట్రాక్టు పొడిగించేశారు. ఇప్పుడు తీసేయాలంటే మిగిలిన ఏళ్ళ జీతం కట్టివ్వాలి. అందుకని ఎవరూ మాట్లాడరు. పెళ్ళిచూపుల్లో కాఫీ బాగుందని ఇల్లు రాసిచ్చినట్టు.

ఇక ఆడించే తీరు చెప్తాను, వినండి. పవర్ ప్లేలో నాలుగేళ్ళుగా ఒకటే ఎత్తు. పక్‌ని నీలిగీత దగ్గర అటూ ఇటూ తిప్పి, తిప్పి, చివరికి దూరం నుంచి ఓ కొట్టుడు. అవతలివాళ్ళు దారిలో కాలు అడ్డం పెడతారు, అయిపోయింది. అలవాటైన దారిలో కళ్ళు మూసుకుని నడిచే గానుగెద్దు కూడా ఓసారి ఆగి చూస్తుంది. ఒక్క గోల్ వెనకబడి ఉన్నప్పుడు గోలీని తీసేసి ఆరో ఆటగాణ్ణి దింపుతారు. మిగతా కోచ్‌లు రెండు మూడు నిమిషాలు ఉండగానే ఆ సాహసం చేస్తే, మా ఆయన (కోచ్ అండీ, మా వారు కాదు) నలభై సెకన్లు ఉన్నప్పుడు ఆలోచిస్తాడు. అన్నిటికన్నా నా కడుపు మండేది టైమవుట్ సంగతి. మ్యాచ్ మొత్తానికి జట్టుకి ఒక్కటే టైమవుట్. పిల్లలు తడబడి, మూడు నిమిషాల్లో మూడు గోల్స్ ఇచ్చి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నప్పుడైనా వాడొచ్చు కదా. వాడడు. పండక్కి కట్టుకుందామని బీరువాలో దాచిన పట్టుచీరలాగా దాన్ని భద్రంగా ఇంటికి పట్టుకెళ్ళిపోతాడు. మ్యాచ్ అయ్యాక విలేకరులతో మాత్రం ఒకటే పాట: అవకాశాలు బాగానే వచ్చాయి, అదృష్టం కలిసిరాలేదు.

మాది చిన్న ఊరు, డబ్బున్న పెద్ద కాలేజీలతో ఎలా పోటీపడతాం అనేవాళ్ళు ఉన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. 2021 నుంచి ఆటగాళ్ళు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి ఏడాది ఆగకుండానే మారిపోవచ్చు, పేరు వాడుకున్నందుకు డబ్బు కూడా తీసుకోవచ్చు. కెనడా జూనియర్ లీగుల పిల్లలకి కూడా 2025 ఆగస్టు నుంచి తలుపులు తెరిచారు. మన దగ్గర పేరు తెచ్చుకున్న కుర్రాణ్ణి వేసవిలో ఇంకొకరు ఎగరేసుకుపోతారు. సరే. కానీ 2025లో కప్పు ఎవరు కొట్టారు? కలమజూలోని వెస్టర్న్ మిషిగన్. అంతకుముందు ఎన్నడూ చివరి నాలుగు జట్లలోకి కూడా రాని కాలేజీ, ఫైనల్లో బోస్టన్ యూనివర్సిటీని 6-2తో ఓడించింది. అప్పటికే పది కప్పులున్న డెన్వర్‌ని సెమీఫైనల్లోనే ఇంటికి పంపింది. అది చూశాక నాకు సాకులు వినబుద్ధి కాలేదు.

రెండేళ్ళ కిందట అత్తయ్య ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. మంకీ క్యాప్, పైన శాలువా, మోకాళ్ళ మీద నా పాత బొంత, ఆ అవతారంలో స్టేడియానికి తీసుకెళ్ళాం. రెండో భాగం దాకా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. మనకి నాలుగో గోల్ పడ్డాక, "ఏమే, ఆ వలలో పిల్లాడు అలిసిపోయాడే. చూపంతా నేల మీదే ఉంది. ఇంకోణ్ణి పెట్టరేం?" అన్నారు. అవతలి బెంచీ మీద రెండో గోలీ చలికి చేతులు రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఏడో గోల్ పడేదాకా మార్చలేదు. డెబ్భై రెండేళ్ళ ఆవిడకి గంటలో కనిపించింది లక్షల జీతం తీసుకునేవాడికి కనిపించలేదు.

నవ్వుతూ చెప్తున్నాను కానీ మా ఇంట్లో ఇది నవ్వులాట కాదు. చిన్నోడికి పదిహేడు నిండాయి. ఈ రెండేళ్ళలో వాడికీ మా వారికీ మాటలు తగ్గిపోయాయి. పోట్లాట ఏమీ లేదు. వాడి గది తలుపు, ఈయన లాప్‌టాప్, మధ్యలో నేను "అన్నానికి రండి" అనడం. ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకునేది కారులో, స్టేడియానికి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు. గెలిచిన రాత్రి అర్ధరాత్రి దాకా వంటింట్లో నిలబడి పెరుగన్నం తింటూ ఒక్కో గోల్‌నీ మళ్ళీ ఆడేవాళ్ళు, ఉప్పు డబ్బా గోలీ, చెంచాలు ఆటగాళ్ళు. ఓడటం మొదలయ్యాక వచ్చేటప్పటి మాటలు పోయాయి. తర్వాత వెళ్ళేటప్పటివీ. కిందటి నవంబరులో వాడు "నాకు హోంవర్క్ ఉంది, మీరు వెళ్ళండి" అన్నాడు. మా వారు సీటు బెల్టు పెట్టుకుని రెండు నిమిషాలు కారు స్టార్ట్ చేయలేదు. ఆ కోచ్ మీద నాకు నిజంగా కోపం వచ్చింది ఆ రోజే. పవర్ ప్లే పోతే పోనీ, నా వంటింట్లో చెంచాల ఆట ఎవడు తెచ్చిస్తాడు?

పక్క సీటావిడ కూడా ఈ ఏడాది టికెట్ తీసుకోలేదు. పెన్షన్ డబ్బుతో ఏడుపు కొనుక్కోనని చెప్పింది. ఆ సీటు సీజన్ అంతా ఖాళీ. చేగోడీలు మిగిలిపోయేవి.

ఫిబ్రవరిలో ఓ శనివారం బతిమాలి చిన్నోణ్ణి కూడా తీసుకెళ్ళాం. 6-1తో ఓడిపోతున్నాం. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. "టైమవుట్ తీసుకోవయ్యా మహానుభావా!" అని తెలుగులో మొదలుపెట్టాను. అక్కడితో ఆగితే బాగుండేది. తర్వాత ఇంగ్లీషులో, ఇంటికెళ్ళిపొమ్మని, మాకు నువ్వొద్దని, ఇంకా ఏవో. సరిగ్గా ఆ సమయానికి స్టేడియం నిశ్శబ్దంగా ఉంది. రెండు వరసల కింద ఒక తొమ్మిదేళ్ళ పిల్లాడు వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. జెర్సీ వెనక కోచ్ ఇంటి పేరు. పక్కన వాళ్ళమ్మ. ఆవిడ తిరగలేదు. పిల్లాడి తల పట్టుకుని మెల్లిగా ముందుకి తిప్పింది, అంతే.

నేను కూర్చున్నాను. జేబులో చేగోడీల పొట్లం నలిగి పొడైంది. వచ్చేటప్పుడు కారులో చిన్నోడు, "అమ్మా, వాడి మొహం చూశావా?" అన్నాడు. చూశానన్నాను. వాళ్ళ నాన్న ఏమీ అనలేదు.

మూడు వారాల తర్వాత కిరాణా షాపులో ఆవిడ ఎదురైంది. నేను బెండకాయలు ఏరుతున్నాను, ఆ ఊరి షాపుకి బెండకాయలు రావడమే వింత. పక్కకి తప్పుకుందామా అనిపించింది. తప్పుకోలేదు. వెళ్ళి, ఆ రోజు అరిచింది నేనేనని, మీ బాబు విన్నందుకు క్షమించమని చెప్పాను. ఆవిడ కాసేపు బండి మీద చెయ్యి వేసి నిలబడింది. బాబు బళ్ళో ఇంకా ఎక్కువే వింటున్నాడని, ఈ మధ్య జెర్సీ వేసుకోనంటున్నాడని చెప్పింది. ఏమనాలో తోచక బెండకాయల వంక చూస్తుంటే, గొంతు తగ్గించి, "టైమవుట్ తీసుకోమని నేనూ ఇంట్లో చెప్తూనే ఉన్నాను, వినడు" అంది. ఇద్దరం అక్కడే, ఆ కూరగాయల మధ్య, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాం. ఆవిడ కళ్ళలో నీళ్ళు మాత్రం నవ్వువల్లేనని నేను ఒట్టేసి చెప్పలేను.

అలాగని నా అభిప్రాయం మారలేదండోయ్. ఆయన్ని మార్చాల్సిందే. ఆ ముక్క స్టేడియంలో అరిచేకన్నా చెప్పాల్సినవాళ్ళకి చెప్పాలనిపించి, కాలేజీ ఆటల విభాగం పెద్దకి ఉత్తరం రాశాను. ఏ ఏడాది ఏ స్థానంలో ముగించామో, మూడో భాగంలో ఎన్ని మ్యాచ్‌లు చేజార్చుకున్నామో, ఎంతమంది పిల్లలు వదిలేసి వెళ్ళారో చిన్నోడు లెక్క తీసి ఇచ్చాడు. ఇంగ్లీషు తప్పులు మా వారు దిద్దారు. మూడు సాయంత్రాలు డైనింగ్ టేబుల్ దగ్గర ముగ్గురం కూర్చున్నాం. ఒకచోట ఈయన "చేతకానివాడు" అని రాస్తే చిన్నోడు కొట్టేశాడు. "వాళ్ళబ్బాయి చదవొచ్చు నాన్నా" అన్నాడు. ఈయన మళ్ళీ రాయలేదు. ఉత్తరం వెళ్ళింది. జవాబుగా మీ అభిమానానికి ధన్యవాదాలు అని రెండు లైన్లు వచ్చాయి.

రెన్యువల్ కాగితం నిన్న నింపాం. చిన్నోడు సెప్టెంబరులో వేరే ఊరు కాలేజీకి వెళ్ళిపోతాడు కనుక రెండు సీట్లే అనుకున్నాం. పెన్ను వాడి చేతికిస్తే మూడు అని రాశాడు. సెలవులకి వస్తాడట. పక్క సీటావిడకి ఫోన్ చేశాను, ఖాళీగా ఉన్న మూడో సీటులో అప్పుడప్పుడూ కూర్చోమని. కోచ్ మారితే చూద్దాం అంది. తర్వాత, చేగోడీలు మానేశావా అని అడిగింది.

రాత్రి అత్తయ్య ఫోన్లో చెల్లెలి మనవడి అన్నప్రాసన విశేషాలన్నీ చెప్పి, పెట్టేసే ముందు అడిగారు:

"ఇంతకీ ఆ వలలో పిల్లాణ్ణి మార్చారా?"

"వాడే వేరే కాలేజీకి వెళ్ళిపోతున్నాడత్తయ్యా."

"మంచి పని చేశాడు" అన్నారు.